కొడవలికి మన చేతి పిడి

కొడవలి కొనేటప్పుడు మనం ఏం చూస్తాం? పదును చూస్తాం. వంపు చూస్తాం. గోటితో మీటి చప్పుడు వింటాం. ఇనుము మంచిదేనా అని కమ్మరిని రెండుసార్లు అడుగుతాం. పిడి సంగతి మాత్రం అడగం. అది ఎట్లున్నా కొనుక్కుని వచ్చేస్తాం.

కానీ పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా మన చేయి పట్టుకునేది పిడినే. బొబ్బలు లేచేది పిడి వల్లనే. పిడి వదులైతే కొడవలి చేతిలో తిరుగుతుంది. తిరిగిన కొడవలి గడ్డిని కోయదు, ఎడమ చేతి వేలును కోస్తుంది. వేలు తెగితే ఆ రోజు కైకిలి పోయినట్టే. ఇంటికొచ్చి బీడీలు చుట్టే అక్కలకైతే ఇంకా కష్టం. వేలికి కట్టు ఉంటే ఆకు మడవడం రాదు, దారం కట్టడం రాదు. ఇక వెయ్యి బీడీల లెక్క ఎట్లా తేలుతుంది?

మంచి పిడిని మనమే చేసుకోవచ్చు. చేసుకునే ఓపిక లేకపోతే వడ్లాయన చేత చేయించుకోవచ్చు. అప్పుడు కూడా ఏం అడగాలో మనకు తెలిసి ఉండాలి కదా!

ఇంకా కొడవలితో పని ఉందా?

"కోత మిషన్లు వచ్చినయి. ఇంక కొడవలి ఎందుకు?" అని కొందరు అంటారు. ఆ మాటలో నిజం ఉంది. శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963లో పోచంపాడు దగ్గర పునాదిరాయి వేశారు. తరువాత కాకతీయ కాలువ నీళ్ళు కోరుట్ల, జగిత్యాల వైపు వచ్చాయి. వరి పెరిగింది. ఒకప్పుడు ఆ వరినంతా కొడవళ్ళతోనే కోసేవాళ్ళు. ఇప్పుడు ఎక్కువ భాగం మిషనే కోస్తుంది.

అయినా మిషన్ తిరగని మడి మూల ఒకటి ఉంటుంది. గాలివానకు నేలకు ఒరిగిన వరి ఉంటుంది. బర్రెకు గడ్డి కోయాలి. పసుపు తవ్వే ముందు ఆకు కోయాలి. మక్క చేను కోయాలి. ఈ పనుల్లో చాలా వరకు ఆడవాళ్ళ చేతుల మీదే నడుస్తాయి. మిషన్ వచ్చి పెద్ద కోతను తీసుకుపోయింది. చిన్న కోతలన్నీ మనకే మిగిలాయి.

పిడిని ఎవరి చేతికి కొలిచారు?

అంగడిలో కొడవళ్ళు కుప్పగా పోసి అమ్ముతారు. పిడులన్నీ ఒకే లావు, ఒకే పొడవు. మన చేతులు మాత్రం ఒకే తీరుగా ఉండవు. మగవాళ్ళ అరచేతికన్నా ఆడవాళ్ళ అరచేయి చిన్నది. లావు పిడిని చిన్న చేయి గట్టిగా పట్టలేదు. పట్టు కోసం ఇంకా గట్టిగా బిగిస్తాం. బిగించిన కొద్దీ మణికట్టు లాగుతుంది. రాత్రి రొట్టెల పిండి పిసికేటప్పుడు ఆ నొప్పి తెలుస్తుంది. "వయసు మీద పడ్డది" అనుకుంటాం. వయసు కాదు, పిడి!

ఈ సంగతి చదువుకున్నవాళ్ళు కూడా ఆలస్యంగానే గుర్తించారు. వ్యవసాయ పనిముట్ల మీద పరిశోధన చేయడానికి 1976లో భోపాల్‌లో కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ ఏర్పడింది. వ్యవసాయంలో ఆడవాళ్ళ కోసం వేరే పరిశోధన కేంద్రం భువనేశ్వర్‌లో 1996లో గాని రాలేదు. ఆడవాళ్ళ చేతుల కొలతలు తీసి, ఆ కొలతలకు తగిన పనిముట్లు చేయాలని ఇప్పుడు శాస్త్రవేత్తలు చెబుతున్నారు. మంచిదే. అయితే మన చేయి కొలవడానికి మనం భోపాల్ దాకా పోనక్కరలేదు.

మీ కుడి చేతి నాలుగు వేళ్ళు దగ్గరగా పెట్టండి. ఆ వెడల్పుకు ఇంకో రెండు వేళ్ళ వెడల్పు కలపండి. అది పిడి పొడవు. చాలామందికి 11 నుంచి 12 సెంటీమీటర్లు వస్తుంది. ఇక లావు. పిడిని పట్టుకుంటే బొటనవేలి కొస నడిమి వేలి కొసను తాకాలి. తాకకుండా సందు ఉంటే పిడి లావైనట్టు. ఒకదాని మీద ఒకటి బాగా ఎక్కితే సన్నమైనట్టు. లావు సుమారు 3 సెంటీమీటర్లు ఉంటే చాలామందికి సరిపోతుంది.

ఇంకో ఉపాయం ఉంది. రేగడి మట్టిని రొట్టెల పిండి లాగా పిసికి, కడ్డీ లాగా చేసి, కొడవలిని పట్టినట్టే గట్టిగా పట్టుకుని వదలండి. మీ చేయి ఎక్కడ ఒత్తుతుందో, ఎక్కడ లోతు కావాలో మట్టి మీద పడుతుంది. దాన్ని నీడలో ఆరబెట్టి దగ్గర ఉంచుకోండి. చెక్కేటప్పుడు అదే మీకు నమూనా.

ఏ కట్టె మంచిది?

నిర్మల్‌లో బొమ్మలు చేసే పొనికి కట్టె చాలా తేలిక, చాలా మెత్తన. బొమ్మకు అది బాగుంటుంది. పిడికి పనికిరాదు, ఇనుము దిగితే చీలిపోతుంది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో లక్క బొమ్మలకు అంకుడు కట్టె వాడతారు. దాన్నే కొన్నిచోట్ల పాలకొడిశ అంటారు. అది నున్నగా వస్తుంది, చిన్న పిడులకు ఫరవాలేదు. కొడవలికి ఇంకా గట్టి కట్టె కావాలి.

మన చేన్ల గట్ల మీద ఉండే నల్లతుమ్మ కొడవలికి మంచిది. బండికీ నాగలికీ వాడే కట్టె అది. గట్టిగా ఉంటుంది, దెబ్బకు ఓర్చుకుంటుంది. చిరుమాను ఇంకా గట్టిది, బండి ఇరుసులు దానితో చేసేవాళ్ళు. టేకు నున్నగా వస్తుంది గాని అడవిలో టేకు కొట్టడం నేరం. పిడి కోసం పచ్చని చెట్టును నరకవద్దు. తుమ్మ కొమ్మలు కొట్టినప్పుడు వంటచెరుకులోంచి ఒక మంచి ముక్కను పక్కన పెట్టుకుంటే చాలు.

అసలు అన్నిటికన్నా మంచి కట్టె పాత కట్టె. విరిగిన బండి చక్రం ఆకు, పనికిరాని నాగలి ముక్క, పాత మంచం కోడు. ఇవి ఏండ్ల తరబడి ఎండి ఉంటాయి. ఇక పగిలేదీ లేదు, కుంచించుకుపోయేదీ లేదు. వీటిని పొయ్యిలో పెట్టే ముందు ఒకసారి ఆలోచించండి. లోపల పాత మేకులు ఉన్నాయేమో మాత్రం చూసుకోవాలి.

ముక్కను ఎంచుకునేటప్పుడు మూడు సంగతులు చూడాలి. చేవ ఉండాలి. చేవ అంటే లోపలి ముదురు రంగు భాగం. బెరడు కింద ఉండే తెల్ల కట్టెకు పురుగు తొందరగా పడుతుంది. రెండోది, కొమ్మ సరిగ్గా నడిమి భాగం వద్దు. అక్కడి నుంచే పగుళ్ళు పుడతాయి. లావు కొమ్మను నిలువునా నాలుగు చెక్కలుగా చీల్చి, ఒక చెక్కను తీసుకోవాలి. మూడోది, రంపంతో కోయడం కన్నా గొడ్డలితో చీల్చడం మేలు. చీలిక కట్టె నార వెంట పోతుంది. నార ఆ కొస నుంచి ఈ కొస దాకా తెగకుండా ఉంటే పిడి విరగదు.

నీళ్ళలో నానబెడితే ఏమవుతుంది?

పచ్చి కట్టెతో పిడి చేస్తే చెక్కడం సులువు. అందుకే తొందరలో చాలామంది పచ్చి కట్టెతోనే చేస్తారు. రెండు నెలలకు పిడి ఊగుతుంది. ఎందుకు? కట్టె ఎండితే పొడవు పెద్దగా తగ్గదు. లావు తగ్గుతుంది. అదీ అన్ని వైపులా ఒకే తీరుగా తగ్గదు. గుండ్రంగా చేసిన పిడి కోలగా మారుతుంది. రంధ్రం వంకర పోతుంది. కొసలు పగులుతాయి.

కాబట్టి చీల్చిన చెక్కను జానెడు పొడవు ఉంచి ఎండబెట్టాలి. కావలసిన దానికన్నా పొడవు ఎందుకంటే, కొసలు ఎట్లాగూ కొంత పగులుతాయి. ఆ పగిలిన భాగం కోసేయవచ్చు. కట్టెలోని తడి కొసల నుంచి తొందరగా పోతుంది. కొసలు ముందు ఎండి, నడుమ ఇంకా పచ్చిగా ఉంటే పగులు వస్తుంది. కొసలకు మైనమో పాత రంగో పూస్తే తడి మెల్లగా పోతుంది. చెక్కలను ఎండలో పెట్టవద్దు. గాలి ఆడే నీడలో, ఒకదానికొకటి తగలకుండా పెట్టాలి. వానాకాలం వెళ్ళాక పెడితే ఎండాకాలం నాటికి పనికి వస్తాయి.

ఇక్కడ అందరం చేసే పని ఒకటి చెప్పుకోవాలి. పిడి వదులైతే కొడవలిని నీళ్ళ బక్కెట్లో వేస్తాం. పొద్దున్నే తీస్తే గట్టిగా ఉంటుంది. "మంచిగ బిగిసింది" అనుకుంటాం. నాలుగు రోజులకు మునుపటికన్నా ఎక్కువ ఊగుతుంది. ఎందుకంటే కట్టె నీళ్ళు తాగి ఉబ్బుతుంది. లోపల ఇనుము ఉంది. ఇనుము జరగదు. ఉబ్బిన కట్టె ఆ ఇనుముకు ఒత్తుకుని లోలోపల తానే నలిగిపోతుంది. ఎండాక నలిగిన కట్టె మళ్ళీ లేవదు. రంధ్రం ఇంకా పెద్దదవుతుంది. పైగా తడికి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు కట్టెను తింటుంది. నీళ్ళలో నానబెట్టడం ఒక్క పూట గండం గడవడానికి మాత్రమే.

చెక్కడం

ఏటికొప్పాకలో తరిమెన మీద కట్టెను గిర్రున తిప్పుతూ ఉలి ఆనిస్తారు. పిడి నిమిషాల్లో గుండ్రంగా వస్తుంది. మనకు తరిమెన లేదు. బాడిస, చేకత్తి, ఆకురాయి ఉంటే చాలు. "గది వడ్లోళ్ళ పని, మనకెందుకు" అనకండి. రోజూ కత్తిపీట మీద కూర కోసే చేతికి కత్తి కొత్త కాదు.

(వడ్ల పని చేసే ఆయనకు వెనుకట కూలి కూడా వడ్లే. ఏడాదంతా పనిముట్లు బాగుచేసి ఇస్తే, కల్లంలో కొలిచి ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు ఎక్కడైనా రొక్కమే.)

ముందు చెక్కను నాలుగు పలకలుగా చెక్కాలి. నాలుగు వైపులా సమంగా ఉండాలి. లావు కావలసిన దానికన్నా ఒక గోరు మందం ఎక్కువ ఉంచుకోవాలి. తరువాత నాలుగు అంచులు తీసేయాలి. ఇప్పుడు 8 పలకలు అవుతాయి. ఆ ఎనిమిది అంచులూ కొద్దికొద్దిగా తీస్తే 16 పలకలు. అప్పటికే అది గుండ్రంగా కనబడుతుంది. మొదటే గుండ్రంగా చేయాలని చూస్తే వంకర టింకర వస్తుంది. 4, 8, 16. ఈ లెక్క తప్పకపోతే చేయి తప్పదు.

చెక్కేటప్పుడు ముక్కను తొడ మీద పెట్టుకోవద్దు. మొద్దు మీద ఆనించాలి. కత్తి ఎప్పుడూ మన ఒంటికి దూరంగా పోవాలి. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోవద్దు. ఎంత జాగ్రత్తగా ఉన్నా తెగితే, గాయాన్ని సబ్బు నీళ్ళతో కడగాలి. ధనుర్వాతం రాకుండా సూది వేయించుకోవడానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవాలి. పసుపు అద్ది ఊరుకోవద్దు.

పూర్తిగా గుండ్రంగా ఉండే పిడి కొడవలికి మంచిది కాదు. రోకలికి గుండ్రం బాగుంటుంది, ఎటు తిరిగినా దంచుతుంది. కొడవలి అట్లా తిరగకూడదు. అందుకే రెండు పక్కలా కొంచెం ఎక్కువ తీసి, పిడిని కోడిగుడ్డు లాగా కోలగా చేయాలి. అప్పుడు కళ్ళు మూసుకుని పట్టుకున్నా పదును ఏ వైపు ఉందో చేతికి తెలుస్తుంది. చెమట పట్టినా జారి తిరగదు. పిడి నడుమ కొంచెం బొజ్జ ఉండాలి. అరచేతి పల్లం అక్కడ నిండుతుంది. చివర చిటికెన వేలు పక్కన చిన్న బొడిపె ఉండాలి. కొడవలిని లాగినప్పుడు చేయి జారి పోకుండా ఆ బొడిపె ఆపుతుంది. అంగడి పిడుల్లో తరచుగా లేనిది ఈ బొడిపెనే.

చేయి సరిపోయిందో లేదో చూడాలంటే అరచేతికి బొగ్గు పొడి రాసుకుని పిడిని గట్టిగా పట్టండి. ఎక్కడ నల్లగా ఎక్కువ అంటుకుందో అక్కడ ఎత్తు ఉంది. బొబ్బ లేచేది అక్కడే. అక్కడ కొంచెం గీకాలి. రెండు మూడుసార్లు ఇట్లా చేస్తే పిడి మీ చేతిదవుతుంది. పక్కింటి వదిన పట్టుకుంటే ఆమెకు నప్పకపోవచ్చు.

ఇనుము దించడం

పిడిలోకి దిగే కొడవలి మొన, మొదట లావుగా, చివర సన్నగా ఉంటుంది. రంధ్రం కూడా అట్లాగే ఉండాలి. బర్మాతో ముందు సన్న రంధ్రం లోతుగా వేయాలి. తరువాత నోటి దగ్గర కొంచెం లావు చేయాలి. రంధ్రం మొనకన్నా కొద్దిగా చిన్నదే ఉండాలి. రంధ్రం పక్కకు పోకుండా ఇంకొకరు ఎదురుగా నిలబడి చూస్తుంటే మంచిది. ఈ పని ఇద్దరు చేసేది.

రంధ్రం వేసే ముందే పిడి మూతికి పొన్ను ఎక్కించాలి. రోకలికి ఉండే పొన్ను లాంటిదే. పాత ఇనుప గొట్టం నుంచి వేలెడు వెడల్పు ముక్క కోస్తే పొన్ను అవుతుంది. దాన్ని వేడి చేసి ఎక్కించి, వెంటనే నీళ్ళు పోయాలి. వేడికి ఇనుము సాగుతుంది, చల్లారితే బిగుస్తుంది. బండి చక్రానికి పట్టా ఎక్కించేది ఇట్లాగే కదా! పొన్ను లేకుండా మొన దించితే కట్టె చీలుతుంది. ఇప్పుడు చీలకపోతే కోతల నడుమ చీలుతుంది.

మొన దించేటప్పుడు కమ్మరి కొలిమి దగ్గరికి పోవడం మేలు. మొన ఒక్కటే ఎర్రగా కాల్చి రంధ్రంలోకి దించుతారు. పొగ వస్తుంది. ఇనుము తన చోటు తానే కాల్చుకుంటుంది. వెంటనే బయటికి తీసి, చల్లారాక మళ్ళీ దించి బిగిస్తారు. కాల్చేటప్పుడు కొడవలి అలుగుకు తడి గోనె చుట్టి ఉంచాలి. అలుగు కాలితే పదును నిలవదు. ఎన్నిసార్లు నూరినా రెండు మడుల్లో మొద్దుబారుతుంది. బిగించడానికి అలుగు మీద సుత్తితో కొట్టవద్దు. గోనె చుట్టిన కొడవలిని నిలువుగా పట్టుకుని, పిడి అడుగును రాతి మీద తట్టాలి. మొన పొడుగ్గా ఉండి పిడి అవతలికి వస్తే, ఆ కొసను వంచి కట్టెలోకి దిగగొట్టాలి. అన్నిటిలోకి గట్టిది ఆ పిడి. అది ఊడి రాదు.

నున్నన

సిరిసిల్లలో మగ్గం దగ్గర పనిచేసే అక్కలకు నున్నన అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. నాడె మీద చిన్న పేడు లేచినా పోగు తెగుతుంది. నాడె పోగును తెంపితే పిడి మన తోలును తెంపుతుంది. ఆకురాయితో రాశాక గరుకు కాగితంతో రుద్దాలి. కట్టె నార వెంటే రుద్దాలి, అడ్డంగా కాదు. ముక్కుకు కొంగు కట్టుకోండి. ఒకసారి తడిగుడ్డతో తుడిస్తే పడుకున్న నూగు లేస్తుంది. ఆరాక మళ్ళీ రుద్దితే ఇక లేవదు.

చివరికి నూనె. ఆముదం పూస్తే ఆరదు, జిగటగా ఉంటుంది, దుమ్ము పడుతుంది. బండ్లలోంచి తీసిన పాత నల్ల నూనె అసలే వద్దు, అది తోలుకు చెరుపు. అవిసె నూనె మంచిది. అది గాలికి ఆరి గట్టిపడుతుంది. పలుచగా పూసి, తుడిచి, రెండు రోజులు ఆరనిచ్చి మళ్ళీ పూయాలి. మూడు పూతలు చాలు. నూనె తుడిచిన గుడ్డను ఉండ చుట్టి మూలన పడేయవద్దు. అవిసె నూనె గుడ్డ లోలోపల వేడెక్కి తనంతట తానే అంటుకునే ప్రమాదం ఉంది. పరిచి ఆరేయాలి.

ఇంట్లో ఇంకా ఏమున్నాయి?

ఒక పిడి చేశాక కళ్ళు ఊరుకోవు. ఊగే ఉలి, పిడి లేని సుత్తి, అన్నీ కనబడతాయి. మగవాళ్ళు గడ్డం గీసుకునే బ్రష్ కూడా. దాని ప్లాస్టిక్ పిడి పగిలినా, వెంట్రుకల కుచ్చు చాలాసార్లు బాగానే ఉంటుంది. కుచ్చును జాగ్రత్తగా తీసి, కట్టె పిడి చేసి అతికించవచ్చు. ఇది చిన్న పని, చేయి తిరగడానికి మంచిది. పాలకొడిశ లాంటి మెత్తని కట్టె ఇక్కడ సరిపోతుంది.

పిడి మూడు నాలుగు వేళ్ళ ఎత్తు ఉండాలి. అడుగు వెడల్పుగా ఉంటే నిలబడుతుంది. నడుమ సన్నంగా ఉంటే రెండు వేళ్ళకు పట్టు దొరుకుతుంది. పైన కుచ్చు పట్టేంత గుంట తవ్వాలి. గుంట అడుగు సమంగా ఉండాలి. కొడవలి మొనను బిగించాలి గాని, కుచ్చును బిగించకూడదు. అది సులువుగా కూర్చోవాలి. బిగిస్తే వెంట్రుకలు విచ్చుకోవు. రెండు గొట్టాల్లో వచ్చే జిగురును సమంగా కలిపి, గుంట గోడలకు అంతటా పూసి అతికించాలి. ఈ పిడికి రోజూ నీళ్ళు తగులుతాయి. జిగురు పూయని చోట కట్టె నీళ్ళు తాగి పగులుతుంది. వాడాక బ్రష్‌ను కడిగి, విదిలించి, కుచ్చు కిందికి ఉండేటట్టు వేలాడదీయమని ఇంట్లో చెప్పండి. అప్పుడు తడి పిడిలోకి దిగదు.